శారదమ్మ ఫ్రిజ్ నడుస్తోంది

అసూయ లేని మనిషి ఉంటుందంటే నేను నమ్మను. నాకూ ఉంది. కాకపోతే నేను దాన్ని కొంగు కింద దాచుకుంటాను, శారదాదేవి మొహం మీదే పెట్టుకుని తిరుగుతుంది. అందుకే ఆమెను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రెండు రోజులు కనిపించకపోతే మాత్రం తోచదు. మా ఎదురిల్లే వాళ్ళది. నా అరుగు మీద కూర్చుని నేను చూసినదీ, తర్వాత ఆమె నోటితో ఆమే చెప్పినదీ కలిపి ఇదంతా చెబుతున్నాను. చెప్పేటప్పుడు కూడా ఆమె సగంసేపు తోటికోడలినే తిట్టింది.

బీదర్ గంజ్‌లో వాళ్ళకు పప్పుల టోకు దుకాణం ఉంది. అన్నదమ్ములు ఇద్దరు. పెద్దవాడు నాగనాథ్, శారదాదేవి భర్త. చిన్నవాడు భీంరావు, అతని భార్య విమలాదేవి. దుకాణం ఒకటిగానే ఉంది కానీ పొయ్యిలు వేరుపడ్డాయి. వాకిట్లో ఒక గోడ లేచింది, గోడకు ఒక తలుపు పెట్టారు. తల్లి సుమిత్రాబాయి అమావాస్య నుంచి అమావాస్య దాకా ఒక కొడుకు దగ్గర, మరుసటి నెల ఇంకో కొడుకు దగ్గర తినాలని పెద్దమనుషులు చెప్పారు. మా వైపు వేరుపడిన ఇళ్ళల్లో ఇది మామూలే. అమావాస్య వెళ్ళిన మర్నాడు ఆవిడ తమలపాకుల డబ్బా చంకన పెట్టుకుని ఆ తలుపు దాటేది. ఆవిడ వెనకాల ఇన్సులిన్ సీసా కూడా దాటేది.

గొడవంతా ఆ సీసాతోనే. సుమిత్రాబాయికి చాలా ఏళ్ళుగా షుగరు. పొద్దున, రాత్రి తిండికి ముందు సూది పడాలి, పడ్డాక ఎక్కువసేపు ఆగకుండా తినాలి. మొదట్లో ఫ్రిజ్ విమల ఇంట్లోనే ఉండేది. అందుకని శారదాదేవి నెలలో కూడా సూది కోసం ముసలావిడ తలుపు దాటి వెళ్ళక తప్పేది కాదు. వెళ్ళాక, "ఎట్లయినా వచ్చిన, రెండు ముద్దలు ఈడనె తింట" అనేది. ఇవతల శారదాదేవి వండిన అన్నం అట్లాగే చల్లారిపోయేది. నెల తనది, అత్త విమలది. ఇది ఆమెకు ఎంత మంటగా ఉండేదంటే, ఫ్రిజ్ కొనేదాకా మొగుడితో మాట్లాడడం మానేసింది. చివరికి హైదరాబాదు నుంచి ఫ్రిజ్ లారీలో వచ్చింది. లారీ వాళ్ళ గుమ్మందాకా రాగలదు. అయినా ఆమె గల్లీ మొదట్లోనే ఆపించి, హమాలీలతో ప్రతి ఇంటి ముందునుంచీ మోయించుకుంటూ తెచ్చింది. విమల గుమ్మం ముందు మాత్రం "జర ఆగున్రి, దమ్ము తీసుకోన్రి" అని దింపించింది.

ఫ్రిజ్ సమమైంది. చెయ్యి సమం కాలేదు.

సూది వెయ్యడం ఇద్దరు కోడళ్ళకూ కంపౌండర్ దుర్గప్ప ఒకేరోజు, ఒకేచోట కూర్చోబెట్టి నేర్పించాడు. శారదాదేవి ఇంటికొచ్చి వంకాయల మీద సాధన చేసింది. ఆ వారమంతా వాళ్ళింట్లో వంకాయ కూరే. విమల ఏ సాధనా చెయ్యలేదు. అయినా సుమిత్రాబాయి వచ్చినవాళ్ళకల్లా చెప్పే మాట ఒకటే. "విమల చెయ్యి మెత్తగుంటది. సూది వడ్డదే తెల్వది." శారదాదేవి సూది వేస్తే మాత్రం "అబ్బా" అని పళ్ళు బిగించేది. శారదాదేవి తక్కువేం చెయ్యలేదు. ఫ్రిజ్ మీట ఎంత చల్లదనం దాకా తిరుగుతుందో అంతదాకా తిప్పి పెట్టేది. సరిగ్గా సూది వేళకే సీసా తీసి, చేతికి జిల్లుమంటుంటే ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా వేసేది. అంత శ్రద్ధగా చేసినా "అబ్బా"నే. పెళ్ళయినప్పటినుంచీ ఆ ముసలావిడ తలకు నూనె పెట్టిన చెయ్యి అది. జ్వరం వస్తే ఒళ్ళు తుడిచిన చెయ్యి. విమల నిన్నగాక మొన్న వచ్చి నవ్వుతూ పేరు కొట్టేసింది. ఆ నవ్వు చూస్తే నాకే ఒక్కోసారి చిరాకు వేస్తుంది, ఇక శారదాదేవి సంగతి చెప్పేదేముంది.

కరెంటు సంగతి కూడా ఇట్లాంటిదే. సాయంత్రమైతే శారదాదేవి వైపు బల్బులు ఎర్రగా గుడ్డిగా వెలిగేవి, గోడ అవతల విమల వైపు తెల్లగా వెలిగేవి. మీటర్లూ మోటార్లూ చూసే మొగులప్పను పిలిపించింది. అతను స్తంభం వైపు చూసి, "అక్కా, మీ రెండిండ్లకు వేరే వేరే తీగలున్నయి. ఆమె తీగ మీద ఇండ్లు తక్కువ. గందుకె బుగ్గ మంచిగ వెలుగుతది" అన్నాడు.

"అయితే గా తీగ నాకియ్యి. నాది దానికియ్యి" అంది శారదాదేవి.

విమల పుట్టింటికని ఔరాద్ పోయిన రోజు చూసి రెండు తీగలూ మార్పించేసింది. విమల తిరిగొచ్చి ఆ గుడ్డి బల్బు కింద కూర్చుని, "ఎండకాలం గద, అందరియి గిట్లనె ఉంటయి" అనుకుందట. ఆ మాట విని శారదాదేవి సంతోషపడాలి కదా, పడలేదు. విమల కనీసం ఒక్కరోజైనా ఏడిస్తే బాగుండేదని నాతో అంది.

మరుసటి వేసవిలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. స్తంభం మీద నడిమి తీగ, న్యూట్రల్ అంటారే అది, తెగింది. నేను అల్లం వెల్లుల్లి రుబ్బుతున్నాను, మిక్సీ ఉన్నట్టుండి గొంతు పెంచి అరిచి, పొగ వదిలి ఆగిపోయింది. పక్కింటి సిద్దయ్య టీవీ టప్పుమంది. ఎదురింట్లో బల్బులు పట్టపగలులా వెలిగి ఒకదాని తర్వాత ఒకటి పగిలిపోయాయి. విమల వైపు బల్బు మాత్రం ఎర్రటి దారంలా మిణుకుమని, అంతే, ఏమీ కాలేదు. మొగులప్ప తర్వాత చెప్పాడు, నడిమి తీగ తెగితే ఇళ్ళు తక్కువున్న తీగల మీదికి కరెంటు ఎక్కువగా తోసుకొస్తుందట. అంటే విమల ఇంటి మీద పడాల్సినదాన్ని శారదాదేవి ఏరి కోరి తన ఇంటికి తెచ్చుకుంది.

తెల్లవారేసరికి మా గల్లీ అంతా జాతరలా ఉంది. కాలిపోయిన టీవీలు, ఫ్యాన్లు, మిక్సీలు తోపుడుబండి మీద పేర్చుకుని మెకానిక్ ఖండప్ప దగ్గరికి తీసుకుపోతున్నారు. ఎవరిది ఎక్కువ కాలిందో చెప్పుకోవడంలో కూడా పోటీ పడుతున్నారు. మగవాళ్ళు గుంపుగా కరెంటాఫీసుకు పోయారు. అక్కడ కన్నడంలో అర్జీ రాసివ్వమన్నారు, గాలి వస్తే మేమేం చెయ్యాలన్నారు. సిద్దయ్య అర్జీ రాశాడు. అది ఏమైందో ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. నా మిక్సీ ఖర్చు నేనే పెట్టుకున్నాను.

శారదాదేవి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"మీదేం కాలింది శారదమ్మా?" అని అడిగాను.

"మాదేం కాలే వదినా. రెండు మూడు బుగ్గలు పోయినయి, అంతె."

"ఫ్రిజ్?"

"నడుస్తుంది" అంది, ఎవరో కొట్టడానికి వచ్చినట్టు.

నడవడం లేదు. రాత్రే ఒకసారి గుర్రుమని కాలిన వాసన వదిలి చచ్చిపోయింది. కానీ అమావాస్య వెళ్ళి ఇంకా వారం కాలేదు. అత్త తన ఇంట్లో ఉంది. ఫ్రిజ్ కాలిందని తెలిస్తే సీసా గోడ అవతలికి పోతుంది, సీసా వెనక అత్త పోతుంది, అత్త వెనక గల్లీ నోళ్ళన్నీ పోతాయి. పైగా తీగ మార్పించిన సంగతి మొగులప్ప ఎవరికో చెప్పేసి ఉంటే, నవ్వు కూడా తోడవుతుంది. నాగనాథ్‌కు ఫ్రిజ్ నీళ్ళు పడవు, పళ్ళు జివ్వుమంటాయని ఎప్పుడూ కుండ నీళ్ళే తాగేవాడు. వంటింట్లోకి అడుగే పెట్టడు. అతనికి కూడా చెప్పలేదు.

గల్లీ నిద్రపోయే మధ్యాహ్నం వేళ ఖండప్పను వెనక తలుపు నుంచి పిలిపించింది. అతను వెనకాల విప్పి చూసి, "కంప్రెషర్ ఖరాబైంది అమ్మా. హైదరాబాదుకెళ్ళి తేవాలె. బండి మీద దుకాణంకు ఏసుకపోత" అన్నాడు.

"బండి గిండి వద్దు. తెచ్చి ఈడనె బిగించు. ఎవ్వరికి చెప్పకు."

"ఊరంత కాలింది అమ్మా, దీంట్ల సిగ్గు షరం ఏముంది?"

"నువ్వు తెచ్చేది చూడు."

ఊరంతా కాలింది కాబట్టే సామాను రావడం ఆలస్యమైంది. ఇవాళ, రేపు అంటూ ఖండప్ప జరుపుతూ పోయాడు. ఈలోపల సీసా ఆ చచ్చిన ఫ్రిజ్‌లోనే ఉంది. వంటింటి పైన రేకులు, పక్కన పొయ్యి, మూసిన తలుపు. లోపల చెయ్యి పెడితే రొట్టె మూట విప్పినట్టు వేడి తగిలేదట.

ఇక్కడే నాకు కోపం ఆగదు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో మా ఇళ్ళల్లో ఇన్సులిన్ సీసాను దారం కట్టి కొత్తకుండ నీళ్ళలో వేలాడదీసేవాళ్ళం. సుమిత్రాబాయికి కూడా చాలాకాలం అట్లాగే గడిచింది. శారదాదేవికి అది తెలియక కాదు. ఒకరోజు సీసా మెడకు దారం కూడా కట్టింది. కుండ మూత తీసింది. అప్పుడే గోడ అవతల విమల ఎవరితోనో మాట్లాడుతూ నవ్వడం వినిపించింది. నీళ్ళకోసం ఎవరైనా మూత తీస్తే దారం కనిపిస్తుంది, దారం చూస్తే ఫ్రిజ్ సంగతి తెలుస్తుంది. దారం విప్పేసి, సీసాను మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి తలుపు మూసింది. ఆ ఒక్క నవ్వుకోసం అంత పని చేసింది.

ఆ రాత్రి సూది వేశాక సుమిత్రాబాయి చెయ్యి రుద్దుకోలేదు. "అయిందా? ఇయ్యాల తెల్వనే తెల్వలే శారదా" అంది.

మర్నాడూ అదే మాట. ఆ మర్నాడు ఇంకో మెట్టు పైకెక్కి, "నీ చెయ్యి మెత్తగైంది" అంది. శారదాదేవి ఆ మాట పట్టుకుని గిన్నెడు చక్కెర బదులడిగే మిషతో మా ఇంటికొచ్చి చెప్పింది. చక్కెర మర్చిపోయి వెళ్ళిపోయింది. గోడ తలుపు దగ్గర నిలబడి విమలకు కూడా వినిపించింది. "విన్నవానె, అత్తమ్మ ఏమన్నదో? నా చెయ్యి గూడ మెత్తగైందంట."

"మంచిగైందక్కా. నువ్వంత కష్టపడుతవు" అంది విమల.

కొంచెమైనా ముఖం మాడ్చుకోలేదట. అంతసేపు పొంగిన మనిషి ఆ మాటతో చప్పబడిపోయి ఇంట్లోకి వెళ్ళింది. అయినా ఆ రోజుల్లో ఆమె నడక మారింది. పెళ్ళికూతురిలా ఉండేది. విమల ఎన్నడూ పెట్టదని తెలిసి, అన్నంతో పాటు అత్తకు ఒక చిన్న గిన్నెడు మామిడి రసం కూడా పెట్టడం మొదలుపెట్టింది. ముసలావిడ గిన్నె నాకి మరీ ఇచ్చేది.

సుమిత్రాబాయికి దాహం పెరిగింది. చెంబులకు చెంబులు తాగేది. ఎండలని శారదాదేవి అనుకుంది. మాటిమాటికీ దొడ్లోకి లేచేది. నీళ్ళు తాగితే లెయ్యదా అనుకుంది. కూర్చున్నచోటే కునికేది. వయసు అనుకుంది. విమల ఒకసారి తలుపులోంచి చూసి, "అక్కా, అత్తమ్మ చిక్కినట్టు కనవడ్తుంది. డాక్టర్‌కు చూపిద్దామా?" అని అడిగింది.

"నా నెలల నేను చూసుకుంట. నీ నెల వచ్చినంక నువ్వు చూపియ్యి" అంది శారదాదేవి.

ఒక మధ్యాహ్నం ముసలావిడను ఎంత పిలిచినా లేవలేదు. కళ్ళు తెరుస్తుంది, మూస్తుంది, మాట లేదు. శారదాదేవి అరిచిన అరుపుకు నేను చేతి పిండితోనే పరుగెత్తాను. ఇద్దరు కోడళ్ళూ నేనూ కలిసి ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం. దుకాణం నుంచి అన్నదమ్ములిద్దరూ వచ్చారు. డాక్టరు రక్తం చూసి, షుగరు మితిమీరిపోయిందని, ఇంకో పూట ఆలస్యమైతే తన చేతుల్లో కూడా ఉండేది కాదని చెప్పాడు.

"సూది ఇస్తున్నరా?" అని అడిగాడు.

"ఒక్క పూట తప్పలే" అంది శారదాదేవి. అది నిజమే.

"అయితే గా సీసా తెప్పించున్రి, చూస్త."

ఇల్లు తెలిసినదని విమలను పంపారు. శారదాదేవి "నేను పోత" అని లేచింది కానీ ముసలావిడ చెయ్యి ఆమె కొంగు పట్టుకుని ఉంది. విమల పోయింది, ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల దీపం వెలగలేదు. వేడి, ముక్కిన వాసన. సీసా తీసుకుని ఆటోలో తిరిగొచ్చి, డాక్టరు చేతిలో పెట్టింది.

డాక్టరు దాన్ని వెలుగుకు ఎత్తి పట్టాడు. పాలలా కలిసి ఉండాల్సిన మందు విరిగి, తరకలు తరకలుగా గాజుకు అంటుకుని ఉంది. "ఇది మందు కాదు, ఉట్టి నీళ్ళు. ఎక్కడ పెట్టినరు దీన్ని?" అన్నాడు.

ఎవరూ మాట్లాడకముందే విమల అందుకుంది. "గాలిదుమారం వచ్చినకాడికెళ్ళి కరెంటు సరిగ్గ ఉంటలేదు డాక్టర్ సాబ్. వస్తది, పోతది. అందరి ఇండ్లల్ల గట్లనె ఉన్నది. అక్క తప్పేం లేదు."

భీంరావు తలూపాడు. నాగనాథ్ తలూపాడు. డాక్టరు కూడా, సరే, ఏం చేస్తాం అన్నట్టు చూశాడు. అక్కడితో అయిపోయేదే. నేను శారదాదేవి మొహం చూశాను. కృతజ్ఞత ఉంటుందనుకున్నాను. లేదు. కళ్ళల్లో నిప్పు ఉంది. విమల తనను కాపాడుతోంది. ఈ మంచిపేరు కూడా విమలకే. ఇక బతికినన్నాళ్ళూ విమల నవ్వినప్పుడల్లా, నీ గుట్టు నా దగ్గరుంది అన్నట్టే ఉంటుంది. ఆ మంచితనం కింద పడి ఉండడంకన్నా అందరిముందూ నిలబడి చెప్పుతో కొట్టించుకోవడమే ఆమెకు తేలికనిపించింది.

"అది అబద్ధం చెప్తుంది" అంది శారదాదేవి. "కరెంటు మంచిగనె వస్తుంది. నా ఫ్రిజ్ కాలిపోయింది. గాలిదుమారం నాడే కాలింది. అత్తమ్మ దాని దగ్గరికి పోతదని నేనే ఎవ్వరికి చెప్పలే. దీన్ని నాకు అడ్డం రావద్దనున్రి."

నాగనాథ్ చెయ్యెత్తాడు. డాక్టరు ఉన్నాడని దించాడు. భీంరావు ఆమె వైపు చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. విమల ఏడ్చింది. శారదాదేవి ఎన్నాళ్ళుగానో చూడాలనుకున్న ఏడుపు అది. చూసింది, తల తిప్పుకుంది.

రెండోరోజుకు సుమిత్రాబాయి తెలివిలోకి వచ్చింది. డాక్టరు చూడ్డానికి వచ్చినప్పుడు నాగనాథ్ తల్లిని అడిగాడు. "గింత అయినదాక నీకు తెల్వలేదా అమ్మా?"

"సూది నొస్తలేకుండె. దీని చెయ్యి మెత్తగైందనుకున్న" అంది ముసలావిడ.

డాక్టరు నవ్వి, "చెయ్యి కాదు బాయీ. సల్లటి మందు మండుతది, ఎచ్చగుంటె తెల్వది" అన్నాడు. విమల నేల చూపులు చూసింది. ఆమె ఎప్పుడూ కుక్కర్ పెట్టగానే సీసా బయటికి తీసి, కూర తాలింపు అయ్యాక కాసేపు అరచేతిలో పట్టుకునేదట, అంతే. దుర్గప్ప ఆ మాట నేర్పించిన రోజు ఇద్దరికీ చెప్పాడు. కాకపోతే ఆ సమయానికి శారదాదేవి కళ్ళూ చెవులూ విమల సూదిని ఎట్లా పట్టుకుందా అన్నదాని మీద ఉన్నాయి.

ముసలావిడ ఇంటికి వచ్చింది, విమల వైపుకే. ఆ నెలలో మిగిలిన రోజులూ, ఆ పై నెలా అక్కడే ఉంది. ఖండప్ప సామాను తెచ్చి ఫ్రిజ్ బాగుచేశాడు. ఇక తల్లి ఆ గుమ్మం తొక్కదని భీంరావు గల్లీకంతా చెప్పాడు. శారదాదేవి ఎవరినీ ఏమీ అడగలేదు. అమావాస్య వెళ్ళిన మర్నాడు సుమిత్రాబాయి తనంతట తానే తలుపు దాటి వచ్చి, "నెల నీది గద" అని పీట మీద కూర్చుంది. నేను అరుగు మీద ఉన్నాను. విమల సీసా పట్టుకుని వెనకాలే వచ్చింది.

ఆ రాత్రి శారదాదేవి సీసాను ఫ్రిజ్‌లోంచి తీసింది. వేళ్ళతో కాదు, చెంపకు ఆనించి చూసుకుంది. అదే చల్లదనంతో మందు ఎక్కించి సూది వేసింది.

"అబ్బా" అంది అత్తగారు.

తలుపు దగ్గర నిలబడ్డ విమల మెల్లగా, "అక్కా, జరసేపు చేతుల పట్టుకుంటె నొయ్యదు. అంతసేపట్ల ఏం గాదని డాక్టర్ సాబ్ చెప్పిండు గద" అంది.

"నాకు తెలుసు. ఎచ్చగుంటె నాకు భయమైతది. నువ్వు పో."

ముసలావిడ కోడలి మొహంలోకి చూసింది. చెయ్యి రుద్దుకుంటూ పళ్ళెం కోసం ముందుకు జరిగింది.

అసూయ పోయిందా అంటే, పోలేదు. విమల నెలలో గోడ అవతల నుంచి "తెల్వనే తెల్వలే బిడ్డా" అని వినిపిస్తే, శారదాదేవి చేతిలో గిన్నె ఇప్పటికీ చప్పుడవుతుంది. చెయ్యి వెచ్చన చేసుకుంటే ఆ మాట తనకూ దక్కుతుందని ఆమెకు తెలుసు. తన నెల వస్తే మాత్రం చల్లటి మందే వేస్తుంది. అత్తగారు "అబ్బా" అన్నాకే అన్నం వడ్డిస్తుంది.